గలీబు లోపలి కుట్టు

(నూజివీడు ప్రాంతపు గ్రామ పంచాయతీ సభ్యుల సమావేశమున చేసిన ప్రసంగ పాఠము)



నూజివీడునకు వచ్చి మామిడిని గూర్చి మాటాడక దిండు గలీబును గూర్చి మాటాడుట మీలో కొందరికి వింతగా తోచవచ్చును. మామిడిని గూర్చి మీకు చెప్పగలవారము మేము కాము. చిన్న రసమునకు, పెద్ద రసమునకు, బంగినపల్లికి గల భేదమును ఈ ఊరి బడిపిల్లవాడు మాకు బోధింపగలడు. కాని కోతలు ముగిసి, తోటలలో కూలి తగ్గిన పిదప స్త్రీలకు చేతినిండ పని యేది యను ప్రశ్న యేటేట జూన్ మాసాంతమున మన గ్రామములలో తల యెత్తుచునే యున్నది. దానికి సమాధానముగా చాలచోట్ల కుట్టుపని తరగతి పెట్టుచున్నారు. మంచిదే. ఆ తరగతిలో మొట్టమొదట నేర్పునది సాధారణముగా గలీబు. దానికి చంకలు లేవు, మెడ లేదు, వంపులు లేవు. ఉన్నవన్నియు తిన్నని అంచులే. అందుచేత దానిని పసిపిల్లల పనిగా నెంచి రెండు దినములలో దాటించి జాకెట్టునకు పోవుచున్నారు. ఆ తొందరయే చేటు తెచ్చుచున్నదని మా యభిప్రాయము.

ఇదిగో, రెండు గలీబులను మీ వరుసలలోనికి పంపుచున్నాము. పైనుండి చూచిన రెండును ఒకటే. ఒకే గుడ్డ, ఒకే కొలత. దయచేసి రెంటిని తిరగవేసి చూడుడు. ఒకదానిలో ప్రక్కల వెంబడి పోగులు గడ్డమువలె వ్రేలాడుచున్నవి. రెండవదానిలో కత్తిరించిన అంచు కంటికి కనబడదు. అది మడతలో దాగి, రెండు వరుసల కుట్టు నడుమ నున్నది. మేము మీతో మాటాడదలచినది ఈ రెంటికి గల వ్యత్యాసమును గూర్చియే.

గుడ్డ యనగా పడుగు, పేక. నేతగాడు మగ్గముపై పేకను ఈ అంచునుండి ఆ అంచునకు పంపి మరల వెనుకకు త్రిప్పును. కావున నేత అంచున పోగు ఊడదు. కత్తెర పడిన చోట పోగులకు కట్టు లేదు. ఉతికిన కొలది ఒక్కొక్కటియే జారిపోవును. కుట్టునకు, కత్తిరించిన అంచునకు నడుమ పావు అంగుళము గుడ్డ మాత్రమే వదలినచో, ఆ పావు అంగుళము జారిపోయిననాడు కుట్టునకు పట్టు ఉండదు. పడుకొన్నవారు ప్రక్కకు ఒత్తిగిలినంతనే అది విచ్చుకొనును. అపుడు చూడగా దారము తెగి యుండదు, గుడ్డ చిరిగి యుండదు. పోగులు మాత్రము కుట్టులోనుండి తప్పుకొని యుండును. ఇల్లాలు మరల కుట్టును. కుట్టిన ప్రతిమారును గలీబు అర అంగుళము ఇరుకగును. తుదకు దిండు పట్టక, అది మసిగుడ్డ యగును.

మన ప్రాంతమున గలీబునకు ఉతుకుడు కూడ ఎక్కువ. తలనూనె, చెమట ఎల్లచోట్ల నున్నవే. మామిడి కాలమున పిల్లలు రసము కారు మూతులతోనే దిండ్లపై పడి నిద్రింతురు. తోటపని చేసి వచ్చినవారి చేతులనుండి, తలగుడ్డలనుండి సొన అంటును. తొడిమ విరిచినపుడు చిమ్ము ఆ సొన చర్మమును పొక్కించుననియు, గుడ్డపై నారిన మరక నల్లబడి మొండికెత్తుననియు మీకు మేము చెప్పనక్కరలేదు. అట్టి గలీబును వేడినీట నానబెట్టి, సబ్బు రుద్ది, బండపై బాదవలసినదే. వారమున కొకమారు ఉతికినను ఏడాదికి ఏబది మారులు దాటును. ఏబది మారులు బండకు బాదినను నిలువగలిగిన కుట్టే ఈ ఊరికి కుట్టు.

బూరుగుదూది దిండ్లు వాడువారి యిండ్లలో ఇంకొక చిక్కు కలదు. బూరుగు కాయ వేసవిలో ఎండి పగులును. దానినుండి వచ్చు పోగు నున్ననిది, బోలుది, మిక్కిలి తేలికయైనది. ప్రత్తిపోగునకు గల మెలిక దానికి లేనందున వడికి నూలు తీయుట కష్టము. నీరు త్వరగా ఇంకదు కాబట్టి, పూర్వము ఓడలలో ప్రాణరక్షణకు తొడుగు కోటులలో సైతము ఆ దూదినే నింపెడివారు. అంత నున్ననిది గనుకనే సూదిబెజ్జమంత సందు దొరికినను బయటికి వచ్చును. ఉదయము లేవగానే జుట్టునిండ తెల్లని నూగు కనబడిన యింట, దిండు లోసంచి కుట్టు వదులైనదని యెరుగవలెను. గలీబు ఉతుకుటకు తీయునది; లోసంచి దూదిని పట్టియుంచునది. లోసంచికి దట్టముగా నేసిన గుడ్డ కావలెను. దాని ప్రక్కలను మేము చెప్పబోవు విధమున కుట్టినచో దూది రెండు అడ్డుగోడలు దాటవలసియుండును.

ఇచ్చట ఒక మాట. మన స్త్రీల చేతిపనిలో లోపమున్నదని మే మనుట లేదు. పెండ్లి దిండ్లపై రంగుదారములతో చిలుకల జంటను, గులాబీ కొమ్మను, దాని క్రింద ‘శుభరాత్రి’ యను అక్షరములను ఎంత నేర్పుతో కుట్టుదురో మనమందరము చూచినదే. ఒక్కొక్క చిలుకకు నాలుగు సాయంకాలములు పట్టును. ఆ చిలుకలు పది యేండ్లు చెక్కుచెదరవు. కాని అదే గలీబు ప్రక్క కుట్టునకు పావుగంట కేటాయింపనందున, రెండవ ఏడు రాకముందే చిలుకలున్న గుడ్డ పెట్టె అడుగునకు చేరును. పైపని యందరికిని కనబడును, మెప్పు వచ్చును. లోపనిని చూచువాడు లేడు. పంచాయతీ సభ్యులు ఆ చూచువారు కావలెనని కోరుటకే మే మింతదూరము వచ్చినాము.

ఇక పని యెట్లు చేయవలెనో చెప్పెదము. మీలో కుట్టు నెరిగిన సోదరీమణులు పెక్కుమంది యున్నారు. తప్పున్న సరిదిద్దుదురు గాక. దీనిని దర్జీలు ఫ్రెంచి కుట్టు అందురు. పేరు చూచి బెదరనక్కరలేదు. సాధారణముగా గుడ్డ మంచి వైపులను ఎదురెదురుగా నుంచి, లోపలివైపునుండి కుట్టి, త్రిప్పెదము కదా. ఇందు మొదటి వరుసను దానికి విరుద్ధముగా, మంచి వైపు బయటికి ఉండగనే కుట్టవలెను. కొత్తగా నేర్చుకొనువారు మొదట తబ్బిబ్బగుట ఇక్కడనే. ‘తప్పుగా కుట్టుచున్నాను’ అని వారికి తోచును. తోచనిండు, అదియే సరియైనది.

17 అంగుళముల వెడల్పు, 27 అంగుళముల పొడవు గల దిండు నొకదానిని తీసికొందము. గుడ్డను ముందుగా నీట నానబెట్టి, ఉతికి, ఆరవేసి, ఇస్త్రీ చేయవలెను. నేత గుడ్డలో గంజి యుండును, నూలుగుడ్డ మొదటి ఉతుకులో ముడుచుకొనును. ఈ పని మానినవారు కొలత సరిగా కుట్టియు, పక్షము తరువాత దిండు దూరలేదని వగతురు. పిదప 63 అంగుళముల పొడవు, 18½ అంగుళముల వెడల్పు గల ఒకే ముక్కను కత్తిరింపవలెను. ఈ లెక్క యెట్లు వచ్చినదనగా, దిండు ముందువైపునకు 27, వెనుకవైపునకు 27, నోటివద్ద దిండును కప్పు లోమడతకు 6, ఒక కొస అంచునకు 2, రెండవ కొస అంచునకు 1. వెడల్పులో ప్రక్కకు 5/8 చొప్పున రెండు ప్రక్కలకు ఒకటింబావు కుట్టులోనికి పోగా, దిండునకు పావు అంగుళము వదులు మిగులును.

44 అంగుళముల పన్నా గుడ్డలో ఇట్టివి రెండు ప్రక్కప్రక్కనే పడును. 36 పన్నాలో రెండు పడవు. ఒక్క అంగుళము తక్కువ వచ్చును. ఆ యంగుళమునకై కుట్టు వదలుట తగ్గించువారు కలరు. అంతకంటె దిండునే 16 అంగుళముల వెడల్పున చేయించుకొనుట మేలు. గుడ్డ కొనకముందు దిండును, దిండు కొలువకముందు పన్నాను ఎంచుకొనవలెను.

మొదట రెండు కొసలను మడచి కుట్టుకొనవలెను. ఒక కొసను అర అంగుళము మడచి, మరల ఒకటిన్నర అంగుళము మడచి కుట్టుడు. రెండవ కొసను అర అంగుళము చొప్పున రెండుమారులు మడచి కుట్టుడు. ఇప్పుడు ముక్కను మంచివైపు నేలకు ఆనునట్లు పరచి, సన్న అంచు కుట్టిన కొసను 6 అంగుళములు లోపలికి మడువుడు. ఆ మడతపై ముందువైపు గుడ్డను త్రిప్పి కప్పుడు. వెడల్పు అంచు కుట్టిన కొస సరిగా ఆ మడత వద్దకు వచ్చును. మంచివైపంతయు ఇప్పుడు బయటనే యున్నది. రెండు ప్రక్కలను అంచునకు పావు అంగుళము దూరమున కుట్టుడు. ఇది మొదటి వరుస.

తరువాతి పనిని చాలమంది మానుదురు, మానుటచేతనే కుట్టు చెడును. కుట్టునకు బయటనున్న పావు అంగుళపు గుడ్డను సగమునకు, అనగా అంగుళములో ఎనిమిదవ వంతునకు, సన్నగా కత్తిరింపవలెను. అడుగు మూలలను కొంచెము ఏటవాలుగా తీయవలెను. అపుడు గలీబును తిరగవేసి, కుట్టు సరిగా మడత కొసకు వచ్చునట్లు వ్రేళ్ళతో నలిపి ఇస్త్రీ చేయవలెను. ఇస్త్రీపెట్టె లేనిచో చెంబు అడుగుతో రాచినను చాలును. మూలలను త్రోయుటకు కత్తెర మొనను వాడరాదు. మొద్దు పుల్ల చాలును. పిదప మడతనుండి అంగుళములో ఎనిమిదింట మూడు వంతుల దూరమున రెండవ వరుస కుట్టుడు. కత్తిరించిన అంచు ఈ రెండు వరుసల నడుమ ఖైదు అగును. మరల త్రిప్పగా గలీబు సిద్ధము. దిండును లోనికి త్రోసి, దాని కొసను ఆరంగుళముల లోమడత క్రిందికి దూర్చినచో, గుండీలుగాని, నాడాలుగాని అక్కరలేదు.

మొదటి వరుస తరువాత అంచును సన్నగా కత్తిరింపనిచో, రెండవ వరుసలోనుండి పోగులు మంచివైపునకు మీసములవలె పొడుచుకొని వచ్చును. పని పరీక్షించువారు మొదట చూడవలసినది ఈ మీసములనే. రెండవది నోటివద్ద. దిండు తొడుగునపుడు లాగుడంతయు అక్కడనే పడును గనుక, వరుస మొదట, తుదను మిషనును రెండు మూడు కుట్లు వెనుకకు నడిపి గట్టిపరచవలెను. అంగుళమునకు పది, పండ్రెండు కుట్లు పడవలెను. ఆరేడు కుట్లతో పరుగెత్తించినది త్వరగా ముగియును, త్వరగా విడును.

మిషను లేని యింట చేతితోనే ఈ పని చేయవచ్చును. మొదటి వరుసకు పరుగుకుట్టు చాలును. రెండవదానికి, ముందుకు పోయి మరల వెనుకకు వచ్చు కుట్టు వేయవలెను. పట్టణపు దుకాణములలో ఓవర్‌లాకు మిషనుతో అంచులకు దారము అల్లుచున్నారు. త్వరితమైన పని, దానిని మేము నిందింపము. కాని అది వేరు యంత్రము, వేరు పెట్టుబడి. పైగా ఆ అల్లిక బయటనే యుండి బండ దెబ్బలు తినును. ఫ్రెంచి కుట్టునకు ఇంట నున్న మామూలు మిషనే చాలును. మందపు దుప్పటి గుడ్డకు మాత్రము ఇది పనికిరాదు. మడతలు లావై సూది విరుగును. అట్టిదానికి ఒక అంచును రెండవదానిపై మడచి, చొక్కాల ప్రక్కలకు వలె అణచి కుట్టుట మంచిది.

దీనికి అదనపు ఖర్చెంత యని మీరడుగవలెను. అడుగుట మీ విధి. ఒక్కొక్క ప్రక్క 27 అంగుళములు. రెండు ప్రక్కలకు రెండవ వరుస మొత్తము 54 అంగుళములు, అనగా గజమున్నర కుట్టు. మిషను కుట్టునకు కుట్టు పొడవునకు రెండున్నర, మూడు రెట్లు దారము పట్టును గనుక, సుమారు నాలుగు గజముల దారము. కత్తిరించుటకు, ఇస్త్రీకి, రెండవ వరుసకు కలిపి, చేయి తిరిగిన స్త్రీకి ఇంకొక పావుగంట. ఇంతకు మించి లేదు. గుడ్డ వెల ముందును అంతే, ఇప్పుడును అంతే. రెండేండ్లకు పోవలసిన గుడ్డను కుట్టు చెడుటవలన ఆరు నెలలకే పారవేయుట పొదుపా, నాలుగు గజముల దారము మిగుల్చుట పొదుపా యని మీరే లెక్క వేసికొనుడు.

అమ్మకము సంగతి వేరుగా చెప్పవలెను. 2022లో జిల్లాలు మారువరకు మీరును, పెడన వారును ఒకే కృష్ణా జిల్లా వారు. పెడన కలంకారీ అద్దకపు దుప్పట్లు దిండు గలీబులతో జతగా దూరదేశములకు పోవుచున్నవి. చెక్క అచ్చులతో అద్ది, కాచి, పారు నీటిలో జాడించి, గడ్డిపై ఆరవేసిన గుడ్డ అది. కొనువారు రంగును చూచి చేతికి తీసికొందురు. వెంటనే తిరగవేసి కుట్టును చూతురు. దుకాణదారుడు సరకును త్రోసివేయునది లోపలివైపు చూచియే. మంగళగిరి నేతగుడ్డను గలీబుగా కుట్టినను అంతే. మన ఊరి స్త్రీ నేతగాని శ్రమను తన చేతిలోనికి తీసికొని, ఆ శ్రమకు తగిన ముగింపు నీయవలసియున్నది.

కుట్టు మిషనును మన పెద్దలు చిన్నచూపు చూడలేదు. అమెరికాలో ఎలియాస్ హోవె 1846లోను, ఐజాక్ సింగరు 1851లోను దానికి పేటెంటులు పొందిరి. యంత్రములపై వ్యామోహమును ఖండించిన గాంధీ మహాత్ముడే 1924లో సింగరు కుట్టు మిషనును ఉపయోగకరమైన కొద్ది వస్తువులలో నొకటిగా పేర్కొని, తన ఆక్షేపణనుండి మినహాయించెను. రాజమహేంద్రవరమున 1909లో జన్మించిన దుర్గాబాయి దేశ్‌ముఖ్ మద్రాసులో ఆంధ్ర మహిళా సభను స్థాపించి, చదువుతో పాటు చేతిపనిని నేర్పించిరి. 1953లో ఏర్పడిన కేంద్ర సాంఘిక సంక్షేమ మండలికి వారే తొలి అధ్యక్షురాలు. ఆ దశాబ్దమున గ్రామ గ్రామమున వెలసిన మహిళా మండలులలో కుట్టు తరగతి లేనిది అరుదు. ఆ తరగతులలో నేర్చినవారి మనుమరాండ్రు ఈనాడు డ్వాక్రా సంఘములలో నున్నారు.

పంచాయతీకి ఇందేమి పని యని కొందరు సభ్యులు తలంచవచ్చును. 1993లో అమలునకు వచ్చిన 73వ రాజ్యాంగ సవరణ పంచాయతీల కొరకు 29 విషయములను పదకొండవ షెడ్యూలులో చేర్చినది. గ్రామీణ, కుటీర పరిశ్రమలు అందులోనివే. వృత్తి శిక్షణయు, స్త్రీ శిశు సంక్షేమమును అందులోనివే. అంతకంటె సూటియైన బాధ్యత యొకటి కలదు. 2023 సెప్టెంబరు 17న ఆరంభమైన పి.ఎం. విశ్వకర్మ పథకములో చేర్చిన 18 చేతివృత్తులలో దర్జీ పని యొకటి. శిక్షణ కాలమున దినమునకు 500 రూపాయల భత్యము, పనిముట్లకు 15,000 రూపాయల వరకు సహాయము, పిదప హామీ లేకుండ మొదట లక్ష, తరువాత రెండు లక్షల వరకు 5 శాతము వడ్డీపై ఋణము అందులోని వసతులు. కుటుంబమున కొక్కరే అర్హులు. దరఖాస్తుల తొలి పరిశీలన జరుగునది గ్రామ పంచాయతీ స్థాయిలోనే. సర్పంచు ‘ఈమె ఈ వృత్తి చేయుచున్నది’ అని ధ్రువపరచినపుడే కాగితము ముందుకు కదలును.

ఆ మాట సభ్యులకు బరువైన మాట. బంధుత్వము చూచి, పార్టీ చూచి వ్రాసినచో, నిజముగా కుట్టుపైననే జీవించు ఒక వితంతువు వెనుకబడవచ్చును, సూది పట్టని యింట మిషను మూలబడవచ్చును. దరఖాస్తు వచ్చినపుడు ఆమె ఇంటికి పోయి, ఆమె కుట్టిన వస్తువు నొకదానిని తిరగవేసి చూచుటకు పది నిమిషములు చాలును. సగము స్థానములు స్త్రీలవే గనుక, చూడనేర్చినవారు ప్రతి పంచాయతీలోను ఉందురు. ఫ్రెంచి కుట్టు రానివారిని త్రోసివేయుడని మేము చెప్పుట లేదు. నేర్చుకొనుటకే కదా శిక్షణ. ఆమె ఆ పనిలో నున్నదా లేదా యని చూడుడు. అంతకు మించిన తీర్పు మీది కాదు.

బ్యాంకులు నడుపు గ్రామీణ స్వయం ఉపాధి శిక్షణ సంస్థలలో స్త్రీలకు సుమారు నెల దినముల కుట్టు శిక్షణ ఉచితముగా నిచ్చుచున్నారు. వానికి మీ గ్రామమునుండి స్త్రీలను పంపదలచినచో మామిడి కోతకు ముందు గాని, తరువాత గాని పంపుడు. ఏప్రిలు, మే మాసములలో పేర్లు వ్రాయించి, సగములో మానిరని వారిని నిందించుట న్యాయము కాదు. ఆ రెండు నెలల కూలి వారికి ఏడాది ఉప్పు, పప్పు. తెలంగాణలో 2024లో ప్రభుత్వ పాఠశాలల పిల్లల దుస్తుల కుట్టుపనిని మహిళా సంఘములకు అప్పగించిరి. అట్టి పని మన సంఘములకు వచ్చిననాడు, చేయి సిద్ధముగా ఉండవలెను గదా. గలీబున కుదిరిన చేయి నిక్కరునకును కుదురును.

తుదకు, దాతల సొమ్ముతో గాని, పంచాయతీ తీర్మానముతో గాని అంగన్‌వాడీకి, ఆరోగ్య కేంద్రమునకు, వసతి గృహమునకు గలీబులు కొనవలసివచ్చినపుడు పాటింపదగిన క్రమము. గుడ్డ, కొలత, అంగుళమునకు ఎన్ని కుట్లు, ప్రక్కలకు ఏ కుట్టు అను నాలుగు విషయములను ఆర్డరు కాగితముపైననే వ్రాయుడు. నమూనాగా ఒకదానిని ముందు తెప్పించి, మూడు మారులు మీ రేవుననే ఉతికించి, ఆరిన పిదప దిండునకు తొడిగి చూడుడు. తక్కువ ధర పలికినవారిదియు, మీ గ్రామ సంఘము వారిదియు ఒకే బండపై ఉతికింపుడు. కూలి నిర్ణయించునపుడు రెండవ వరుస కుట్టునకు పట్టు పావుగంటను లెక్కలో కలుపుడు. కలుపనిచో ఆ వరుసను మీరు అడుగరాదు. సరకు దిగిన దినముననే సొమ్ము చెల్లింపుడు, ఏలయనగా తరువాతి గుడ్డ కొనుటకు సంఘమువారికి ఆ సొమ్మే ఆధారము.